గరాటు తీయని పిల్లలు

"అమ్మా, ఆవిణ్ణి ఉప్పు ఇటు జరపమను."

ఆ ఆవిడ, ఆయన భార్య, ఎదురుగానే కూర్చుని ఉంది. ఉప్పు గిన్నె ఆవిడ మోచేతి పక్కనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఆయన చాచలేదు, ఆమె జరపలేదు.

అత్తగారు ఇద్దరి మధ్యా కూర్చుని కొడుకు మాట ఆసాంతం విని, కోడలి వైపు తిరిగింది. "ఉప్పు జరపమంటున్నాడమ్మా మీ ఆయన," అంది, పొలిమేర అవతల నుంచి వచ్చిన కబురేదో చేరవేస్తున్నట్టు.

"జరుపుతాను అత్తయ్యా. కానీ అందరి ముందూ నా పాఠాన్ని బొమ్మలాట అన్న నోటికి ఎంత ఉప్పు కావాలో అడిగి చెప్పండి."

"ఎంత కావాలిరా?"

"నువ్వు కూడానా అమ్మా?"

"నన్నంటావేంరా. నేను టపా బంట్రోతుని. ఇటు మాట అటు, అటు మాట ఇటు. జీతం లేదు, సెలవు లేదు. మీ కబుర్లు మోసి మోసి నా పళ్ళెంలో ముద్ద చల్లారిపోతోంది."

ఆమెకి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చినట్టుంది, పెదవి చివర కదిలింది. ఒకరి నవ్వు ఒకరికి కనబడకూడదని ఇద్దరూ పళ్ళేల్లోకి తలలు వంచేశారు.

అధ్యాపకుల గదిలో మొదలైన గొడవ ఇంటిదాకా నడిచొచ్చి, ఇంట్లో మౌనమై కూర్చుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్తారు. చెప్పేదీ ఒకటే పాఠం. ఆయన ల్యాబ్ హాల్లో పిల్లల మధ్య తిరుగుతూ చెప్తాడు. ఆమె వంటింటి గట్టు మీద బ్యూరెట్, అదే, అడుగున కుళాయి ఉన్న కొలత గాజుగొట్టం, నిలబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టుకుని, తెర మీద చెప్తుంది.

ఈ ఏడు మొదట్లో శాఖాధిపతి మొదటి సంవత్సరం పిల్లలందరి పేర్లూ చీట్లు వేసి రెండు సగాలు చేశాడు. ఒక సగం హాలుకి, ఒక సగం తెరకి. తెర పిల్లలకి ప్రయోగాల సామాను పెట్టెల్లో సర్ది ఇళ్ళకి పంపారు. ఏడాది చివర ఎవరికి ఏమాత్రం వచ్చిందో చూసి, ఏది ఉంచాలో తేలుస్తానన్నాడు. రాతపరీక్షలో తెర పిల్లలు పిసరంత ముందున్నారు. ఇవాళ చేతి పరీక్ష.

తెర నెగ్గితే హాలు మూసేస్తారు. ఆయన్ని దూరపు ఊళ్ళో ఉన్న ఇంకో కళాశాలకి వేస్తారు. సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దెక్కాక దిగేంత దూరం. హాలు నెగ్గితే తెర పాఠం ఆపేస్తారు. ఏటికేడు పొడిగింపుల మీద నెట్టుకొస్తున్న ఆమె ఉద్యోగం అంతటితో సరి. ఇద్దరిలో ఎవరు గెలిచినా ఆ ఇంట్లో ఒకరు ఓడిపోతారు. చీట్లు వేసిన పెద్దాయనకి, ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నారన్న సంగతి తట్టినట్టు లేదు.

అత్తగారికి మాత్రం తట్టింది. రైలు మాట వినబడితే చాలు, లేచి వెళ్ళి తోమిన గిన్నెనే మళ్ళీ తోముతుంది.

"పరీక్ష వేళయింది," అన్నాడు ఆయన, గోడతో.

"నేనూ వస్తున్నానని చెప్పండి అత్తయ్యా."

"వస్తోందిట. ఒకే బస్సులో వెళ్తారా, రెండు బస్సులు మాట్లాడమంటారా?"

ఒకే బస్సులో వెళ్ళారు. ఆయన ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో.

హాలు ముందు వరండాలో తెర పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఏడాదంతా పాఠం విన్నవాళ్ళు ఆమెని నిలువెత్తున చూడటం ఇదే మొదలు. ఆమెకీ అంతే. ఇన్నాళ్ళూ అగ్గిపెట్టెంత గడుల్లో కనబడిన ముఖాలకి ఒక్కసారిగా కాళ్ళూ చేతులూ వచ్చాయి.

"మేడమ్, మీరు ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు," అన్నాడు ఒకడు.

"కెమెరా కింద నుంచి పెట్టాను నాన్నా. కాస్త గౌరవం ఉంటుందని."

అందరూ నవ్వారు. వాళ్ళు తనని చాటుగా వంటింటి మేడమ్ అంటారని ఆమెకి తెలుసు. వాళ్ళలో మైకు విప్పని అమ్మాయి ఎవరా అని వెతికింది. ఆ పిల్ల ఏడాదిలో ఒక్కసారి కూడా గొంతు వినిపించలేదు, ముఖమూ చూపించలేదు. కానీ పాఠం అయ్యాక రోజూ ఒక ప్రశ్న రాసి పంపేది. ఎంత మంచి ప్రశ్నలంటే, జవాబు రాయడానికి ఆమె ఒక్కోసారి తన పాత పుస్తకాలు దించాల్సి వచ్చేది. ఇప్పుడు ఈ గుంపులో ఆ పిల్ల ఎవరో పోల్చుకోలేకపోయింది. సిగ్గనిపించింది, అడగలేదు.

గంట కొట్టారు. ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకోకూడదని, ఆమెని హాలు పిల్లల వైపు, ఆయన్ని తెర పిల్లల వైపు నిలబెట్టారు. పిల్లలకి ఏమీ చెప్పకూడదు, సైగ కూడా చెయ్యకూడదు. ఒక్కొక్కరి ముందూ ఒక బ్యూరెట్, కింద ఒక ఫ్లాస్కు. పైనున్న క్షారాన్ని చుక్కలు చుక్కలుగా కిందున్న ఆమ్లంలోకి వదలాలి. లేత గులాబీ రంగు వచ్చి నిలిచిన చుక్క దగ్గర కుళాయి కట్టేసి, ఎంత పట్టిందో చదివి రాయాలి. ఒక్క చుక్క ఎక్కువైతే రంగు ముదిరిపోతుంది.

ఆమె ముందున్న వరసలో మొదటి పిల్లవాడు చకచకా చేసుకుపోయాడు. రెండోవాడు కుళాయి మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేశాడు. పక్కవాడి వంక చూశాడు. చివరికి తిప్పాడు. జలజలా పడిపోయింది. ఫ్లాస్కు ముదురు గులాబీ అయిపోయింది.

మూడో అమ్మాయికి బాగా వచ్చింది. నాలుగో అమ్మాయి కుళాయిని తిప్పాల్సిన వైపు కాకుండా అవతలి వైపు తిప్పుతూ పెదవి కొరుక్కుంటోంది.

ఆమెకి అర్థం కావడానికి ఇంకో వరస పట్టింది. హాల్లో ఏడాదంతా ఇద్దరికి ఒక బ్యూరెట్. ఇద్దరిలో చొరవ ఉన్నవాళ్ళు కుళాయి తిప్పారు. రెండోవాళ్ళు పక్కన నిలబడి అంకెలు రాసుకున్నారు. ఏడాది పొడుగునా ల్యాబ్‌కి వచ్చారు, తెల్లకోటు తొడుక్కున్నారు, హాజరు వేయించుకున్నారు. కుళాయి మాత్రం ముట్టుకోలేదు.

కడుపులో ఎక్కడో చిన్న సంతోషం లేచింది. బొమ్మలాట అన్నారుగా, చూసుకోండి ఇప్పుడు. లేచినంత తొందరగానే ఆ సంతోషం చేదెక్కిపోయింది. అవతలి వైపు కుళాయి తిప్పుతున్న పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

తలెత్తి హాలు ఆ చివరకి చూసింది. ఆయన తెర పిల్లల మధ్య నిలబడి ఉన్నాడు. ముఖం అదోలా ఉంది. తన పిల్లలు ఏం చేశారో చూసి లోపల నవ్వుకుంటున్నాడేమో అనుకుంది. నవ్వు కాదది. గొంతులో ముల్లు పడ్డవాడు నలుగురిలో మర్యాదకి దగ్గకుండా ఆపుకుంటున్నట్టుంది.

అప్పుడు కనబడ్డాయి ఆమెకి, వరసగా, గరాట్లు.

బ్యూరెట్‌లో ద్రవం పొయ్యడానికి పైన చిన్న గరాటు పెడతారు. పోశాక తీసెయ్యాలి. తియ్యకపోతే అందులో అంటుకున్న చుక్కలు తర్వాత ఒకటొకటిగా లోపలికి జారతాయి. అంకె తప్పుతుంది, అసలు పట్టినదానికంటే తక్కువ చూపిస్తుంది. తెర పిల్లల్లో ఒక్కరు కూడా గరాటు తియ్యలేదు. కుళాయి మీద వాళ్ళ వేళ్ళు ఎంత నిదానంగా, ఎంత ముచ్చటగా ఆడుతున్నాయో. ఫ్లాస్కులన్నీ లేత గులాబీ. పైన మాత్రం గరాట్లు టోపీల్లా కూర్చుని ఉన్నాయి.

ఆ పిల్లలు ఇంటి దగ్గర నుంచి పంపిన అంకెలు ఏడాదంతా కాస్త తక్కువగానే వచ్చేవి. పెట్టెల్లో సామాను చవకరకం అని సరిపెట్టుకుంది తను.

ఆయన ఇటు చూశాడు. ఆమె అటు చూసింది. ఇద్దరిలో ఎవరూ నోరు విప్పడానికి లేదు.

పరీక్ష అయ్యాక శాఖాధిపతి అంకెలన్నీ కూడించి సగటు తీశాడు. హాలు సగటుకీ తెర సగటుకీ వెంట్రుకవాసి తేడా. తెర పిల్లలందరూ కొద్దికొద్దిగా తప్పారు. హాలు పిల్లల్లో సగం అచ్చంగా చేశారు, సగం పూర్తిగా పోగొట్టుకున్నారు. సగటులోకి వచ్చేసరికి రెండూ ఒకటైపోయాయి.

"చూశారా," అన్నాడు పెద్దాయన తృప్తిగా. "హాల్లో చెప్పినా తెర మీద చెప్పినా పిల్లలకి అబ్బేది అంతే. సమానమైనప్పుడు ఇంత హాలు మనకి దేనికి చెప్పండి. ఇద్దరూ చూసుకుని సాయంత్రానికి నాకు ఒక మాట చెప్పండి. రేపు సమావేశంలో చదివేస్తాను."

భర్త తల ఊపి బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఏదో చెప్పబోయి, ఏది ముందు చెప్పాలో తెలియక, ఆయన వెనకే నడిచింది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే ఆయన అడిగాడు.

"గరాటు తియ్యాలని చెప్పలేదా నువ్వు?"

అత్తగారు అలవాటుగా కోడలి వైపు తిరిగింది. "గరాటు తియ్యాలని చెప్పలేదా అంటున్నాడు."

"వినబడింది అత్తయ్యా."

"హమ్మయ్య," అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "నాకు బంట్రోతు పని తప్పింది."

"చెప్పాను," అంది ఆమె. "తీసి చూపించాను కూడా. పిల్లలకి పంపేముందు వీడియోలో ఆ ముక్క కోసేశాను."

"ఎందుకు?"

"మీరొచ్చారు. మంచినీళ్ళ సీసా కోసం. చొక్కా లేకుండా, తువ్వాలు భుజాన వేసుకుని, ఆవలిస్తూ. సరిగ్గా నేను గరాటు తీస్తున్నప్పుడు నా వెనకనుంచి వెళ్ళారు. మిమ్మల్ని ఆ అవతారంలో పిల్లలకి చూపించలేక కోశాను. మీతో పాటు గరాటూ పోయింది."

"చొక్కా తొడుక్కుని తిరగరా అని మొత్తుకుంటూనే ఉన్నాను," అంది అత్తగారు.

ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఏడాదంతా ఆ ఒక్క వీడియో చూసే నేర్చుకున్నారా?"

"అందులో ఉన్నదే చేశారు. లేనిది ఒక్కటీ చెయ్యలేదు. అంత బుద్ధిగా విన్నారండీ."

"హాల్లో అయితే ఒక్కడు గరాటు వదిలేసినా నా కంటబడేది."

"పడేదా?"

ఆమె మెల్లగానే అడిగింది. అడిగాక, అడగకుండా ఉండాల్సిందేమో అనిపించింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొడుతున్న చప్పుడు లోపలికి వినబడుతోంది.

"మీ పిల్లల్లో సగం మందికి కుళాయి తిప్పడం రాదు," అంది ఆమె. "ఏడాది పొడుగునా అది మీ ఎదురుగానే జరిగింది."

"ఎదురుగానే జరిగింది." ఆయన ఇటు తిరగలేదు. "హాలంతా గులాబీ రంగు ఫ్లాస్కులు కనబడేవి. అందరూ చేస్తున్నారనుకున్నాను. రంగులు చూశాను గానీ చేతులు చూడలేదు."

పక్కవాటాలో కుక్కరు కూత పెట్టి ఆగిపోయింది.

"నీ పిల్లల్లో ఒక అమ్మాయి నాతో మాట్లాడింది," అన్నాడు ఆయన. "చెయ్యి వణుకుతోంది సార్, కాస్త ఆగి మొదలుపెట్టొచ్చా అని. జవాబు చెప్పకూడదు కదా, ఊరికే తలూపాను. ఆ పిల్ల ఆగి, చేతులు రెండూ రుద్దుకుని, అప్పుడు మొదలుపెట్టింది. వెళ్తూ వెళ్తూ, మేడమ్‌కి రోజూ ప్రశ్నలు పంపేది నేనే అని చెప్పండి సార్, నాకు ఎదురుపడటం భయం అంది."

ఆమె కళ్ళు ఆయన మీదే ఆగిపోయాయి.

"ఆ అమ్మాయి గొంతు ఎలా ఉంది?"

"గొంతా?"

"నేనెప్పుడూ వినలేదు."

ఆయన కాస్త ఆలోచించాడు. "కొంచెం బొంగురుగా ఉంది. మాట్లాడి చాలా రోజులైనట్టు."

ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. హాల్లో ఉండుంటే ఆ పిల్ల ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడిగి ఉండేది కాదు. తెర మీద ఉండబట్టి, చెయ్యి వణుకుతుందన్న సంగతి తనకి తెలియనే లేదు. ఈ రెంటిలో ఏది తీసి ఏది పెట్టాలో సగటు తీసిన పెద్దాయనకి తెలుసునేమో గానీ, ఆమెకి తెలియలేదు.

"పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం," అంది చివరికి. "గరాటు తప్పు నాది. కుళాయి తప్పు మీది. ఎవరూ నెగ్గలేదని చెప్పేద్దాం. హాలు మూసే పని ఉండదు, మీరు వెళ్ళే పనీ ఉండదు."

ఆయన కిటికీ వదిలి ఇటు తిరిగాడు.

"నేను పొద్దున్నే ఒప్పేసుకున్నాను."

"ఏం ఒప్పుకున్నారు?"

"దూరపు కళాశాలకి వెళ్తానని. పరీక్షకి ముందు, నువ్వు వరండాలో పిల్లలతో నవ్వుతున్నప్పుడు, పెద్దాయన గదికి వెళ్ళి చెప్పాను. రాతపరీక్ష చూశాక నువ్వే నెగ్గుతావనుకున్నాను. నా చోటు ఊడగొట్టి ఉద్యోగం సంపాదించిందని రేపు నలుగురూ నిన్ను అనకూడదని."

"నా కోసమా?"

"నీ కోసమే."

"నన్నొక మాట అడిగారా?"

"అప్పుడు మనం మాట్లాడుకోవడం లేదు కదా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంత ప్రేమ ఇంత చేతకానితనంగా ఎవరైనా చూపిస్తారా. "నేనింకా నెగ్గనే లేదు, మీరు ముందే ఓడిపోయి కూర్చున్నారా? మీ అమ్మ చేత ఉప్పు అడిగించారు, ఈ మాట కూడా అడిగిస్తే పోయేదేంటి?"

"నన్ను మధ్యలోకి లాగకండి," అంది అత్తగారు. గొంతులో ఇందాకటి పరిహాసం లేదు.

ఆమె ఇంకేమీ వినకుండా ఫోను తీసి శాఖాధిపతికి చేసింది. నిలబడే మాట్లాడింది. కోసేసిన ముక్క సంగతి చెప్పింది. ఇద్దరికో బ్యూరెట్ సంగతి చెప్పింది. తన ఉద్యోగం ఏమవుతుందో ఆలోచిస్తే నోరు రాదని, ఆలోచించకుండా చెప్పేసింది.

అవతల పెద్దాయన చాలాసేపు ఊఁ కొట్టాడు. తర్వాత ఆయన చెప్పింది ఆమె నిలబడే విన్నది, వింటూ వింటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమన్నాడు?" అన్నాడు ఆయన, ఆమె ఫోను దించాక.

"ఇంకో ఏడాది రెండూ నడపాలన్నారు. తెరా హాలూ కలిపి, అందరికీ రెండూ. హాలు కూడా నన్నే చూసుకోమన్నారు."

"మంచిదే కదా."

"మీరు ఒప్పుకున్న మాట అక్కడికి చేరిపోయిందిట. అక్కడి పిల్లలకి ఏడాదిగా ప్రయోగాలు చెప్పే దిక్కు లేదుట, వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "కానీ ఒక దారి ఉందిట. ఊరు కదలకుండా తెర మీద చెప్తానంటే వాళ్ళకీ సమ్మతమేట. ఈ వంటింట్లోనే, ఈ గట్టు మీదే. మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు."

అత్తగారు కుర్చీలో ముందుకి వంగింది. కొడుకు ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అవునని చెప్పరా అని ఆవిడ నోటితో అనలేదు, మిగతా ఒళ్ళంతా ఆ మాటే అంటోంది.

"అక్కడ బ్యూరెట్లు ఉన్నాయిటా?" అన్నాడు ఆయన.

"ఉన్నాయిట. వచ్చిన పెట్టెలు వచ్చినట్టే ఉన్నాయిట, ఎవరూ విప్పలేదు."

ఆయన వంటింటి గట్టు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నిలబెట్టి ఉన్న బ్యూరెట్ కుళాయి మీద వేలు వేసి, తిప్పకుండా అలాగే ఉంచాడు.

"ఇంతకు ముందైతే ఈ తెర పాఠం మీద కోపంతో వద్దనేవాణ్ణి," అన్నాడు. "ఇప్పుడు కోపం లేదు. నీ పిల్లల వేళ్ళు చూశాను, నా వాళ్ళకంటే బాగా తిప్పారు. కానీ ఎదురుగా నిలబడి కూడా చూడనివాణ్ణి నేను. ఇక్కడ కూర్చుంటే అసలే చూడను. ఆ పెట్టెలు విప్పి, ఒక్కొక్కళ్ళ చేతా కుళాయి తిప్పించి, పక్కన నిలబడి చూడాలి. ఒక్క ఏడాదైనా సరిగ్గా చూడాలి."

ఆ మాట తప్పయితే బాగుండునని ఆమె వెతికింది. ఎంత వెతికినా అందులో తప్పు దొరకలేదు. ఏ పంతులమ్మ నోటైనా అదే మాట వస్తుంది. పెళ్ళాం నోటికి మాత్రం ఏ మాటా రాలేదు.

"నేను రాలేను," అంది. "హాలు నాకిచ్చారు. కుళాయి రాని ఆ సగం మందీ మళ్ళీ వస్తారు."

"తెలుసు."

"ఏడాదంటే చిన్నదేం కాదండీ."

"తెలుసు."

ఒకరి మాట ఒకరు కాదనలేని పోట్లాట అది. వెనక్కి తగ్గడానికి ఎవరి దగ్గరా అబద్ధం లేదు.

అత్తగారు లేచింది. ఈసారి గిన్నెల దగ్గరికి వెళ్ళలేదు. లోపలి గదిలోకి వెళ్ళి, మంచం కింద నుంచి రెండు బట్టల పెట్టెలూ చప్పుడు చేసుకుంటూ బయటికి ఈడ్చుకొచ్చి, గది మధ్యలో పక్కపక్కన పెట్టింది. ఒకటి కొడుకుది, ఒకటి కోడలిది. మళ్ళీ లోపలికి వెళ్ళి, మడతపెట్టిన తన బట్టల దొంతర రెండు చేతులతో గుండెలకి ఆనించుకుని వచ్చి, ఆ రెండు పెట్టెల ముందు నిలబడింది.

"నావి ఎవరి పెట్టెలో పెట్టుకోమంటారు?" అని అడిగింది.